మువ్వురు బాలికల సాక్ష్యము: ‘చెషైర్ క్రాసింగ్’ అను చిత్రనవలను గూర్చిన విచారము

బాలురకొఱకు వ్రాయబడిన కథలను పండితులు విచారింపదగినవిగా నెంచుట మనలో నరుదు. బొమ్మలతో గూడిన కథ యన్నచో దానిని పిల్లల కాలక్షేపమని ప్రక్కకు ద్రోయుట మఱియు సులభము. ఇంగ్లీషు భాషయందు 2019వ సంవత్సరమున గ్రంథరూపమున వెలువడిన ‘చెషైర్ క్రాసింగ్’ అను చిత్రనవల యట్లు త్రోయదగినది కాదని నాకు దోచినది. అది గొప్ప కావ్యమని చెప్పను. దాని కథ చపలము; దాని సంభాషణలు తఱచుగా పలుచన. అయినను అందొక ప్రశ్న కలదు. తాను కన్నది కన్నట్లు చెప్పిన బాలిక మాటను పెద్దలు నమ్మనిచో నా బాలిక గతి యేమి? ఈ ప్రశ్న సాహిత్యమునకును, ప్రమాణశాస్త్రమునకును, మన బడులకును గూడ సంబంధించినది. కావున నా గ్రంథమును, దానికి మూలములైన మూడు పూర్వకథలను గూర్చి యిచ్చట కొంత విచారింతును.

గ్రంథస్వరూపము

పుటను గళ్లుగా విభజించి, గడికొక చిత్రము వ్రాసి, పాత్రల మాటలను వారి నోటిచెంత బుడగవంటి గీతలో నుంచి, మొదటినుండి తుదివఱకు చిత్రములచేతనే కథను నడపు గ్రంథమునకు గ్రాఫిక్ నవల యని పేరు. దీనిని చిత్రనవల యనవచ్చును. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన వస్త్రముమీద కులపురాణములను గళ్లు గళ్లుగా వ్రాయగా, కథకులు దానిని విప్పుచు కథ చెప్పుదురు. అచ్చట కథకుని నోరు పటమునకు వెలుపల నుండును; చిత్రనవలయందది పటములోనికే ప్రవేశించినది.

‘చెషైర్ క్రాసింగ్’ కర్త ఆండీ వియర్ అను అమెరికా రచయిత. అంగారకగ్రహమున నొంటరిగా చిక్కుకొన్న మనుష్యుని కథయైన ‘ది మార్షియన్’ అను నవలచే నాతడు ప్రసిద్ధుడు. ఆ నవలను 2011లో తానే ప్రకటించెను. 2014లో నది పెద్ద ప్రచురణాలయమువారిచే ముద్రితమై, 2015లో చలనచిత్రముగ వచ్చెను. దానికి పూర్వమే, 2006 మొదలు 2008 వఱకు, అతడు ‘చెషైర్ క్రాసింగ్’ కథను తానే బొమ్మలు వ్రాసి యంతర్జాలమున భాగములుగా వెలువరించెను. అటుపిమ్మట సారా ఆండర్సన్ అను చిత్రకారిణి యా కథ కంతకును క్రొత్తగా చిత్రములు రచింపగా, టెన్ స్పీడ్ ప్రెస్ వారు 2019లో దానిని ముద్రించిరి.

ఇట్లు రచయిత తన చేతితో వ్రాసిన బొమ్మలను విడిచి, చేయితిరిగిన చిత్రకారుని నాశ్రయించుట యీ కథలవంశమున క్రొత్త గాదు. లూయిస్ కారల్ 1864లో ఆలీసు లిడెల్ అను బాలికకు బహూకరించిన చేవ్రాతప్రతిలో బొమ్మలు కారల్ వ్రాసినవే. 1865లో గ్రంథము ముద్రితమగునప్పుడు జాన్ టెనియల్ అను ప్రసిద్ధ చిత్రకారుడు 42 చిత్రములను రచించెను. నేడు లోకము ఆలీసు నెఱుగుట టెనియల్ చిత్రించిన రూపముననే.

చెషైర్ ఇంగ్లండులో నొక మండలము. కారల్ జన్మించిన డేర్స్‌బరీ గ్రామ మందే కలదు. అతని కథలోని నవ్వెడి పిల్లికిని ఆ మండలము పేరే. క్రాసింగ్ అనగా దాటు చోటు. మూడు మాయాలోకములను దాటివచ్చిన మువ్వురు బాలిక లొకచోట గూడుటచే నీ గ్రంథమున కా పేరు తగియున్నది.

కథాసంగ్రహము

కారల్ కథలోని ఆలీసు, ఫ్రాంక్ బామ్ కథలోని డొరోతీ, జె. ఎం. బారీ కథలోని వెండీ యను మువ్వురును తమ తమ లోకములనుండి యిల్లుచేరిన కొన్నియేండ్లకు, యౌవనారంభమున, చెషైర్ క్రాసింగ్ అను నివాసపాఠశాలలో గలిసికొందురు. వండర్లాండు, ఓజ్, నెవర్లాండు అను లోకములను తాము చూచితిమని వారు చెప్పిన మాటను లోకము నమ్మక, వారికి చిత్తభ్రమ యని యెంచినది. ఈ పాఠశాలవారు మాత్రము వారి మాట నిజమని యెఱిగినవారు. ఒక లోకమునుండి వేఱొక లోకమునకు బోగల శక్తిని వారు లొంగదీసికొని వాడుకొనునట్లు శిక్షణ మిచ్చుట వారి యుద్దేశము. కాని పెద్దల యధికారముతో విసిగిన యా బాలికలు తరగతిగదిలో గూర్చుండనొల్లరు. వారు లోకమునుండి లోకమునకు బరుగెత్తుచు నన్నిచోట్లను కల్లోలము గల్పింతురు. ఆ తొందరలో ఓజ్‌దేశపు పడమటిదిక్కు దుష్టమంత్రగత్తెకును, నెవర్లాండులోని ఓడదొంగ కాప్టెన్ హుక్‌నకును పరిచయ మేర్పడి, యది ప్రణయముగ మాఱి, యిద్దఱును గలిసి లోకములకు ముప్పు దెత్తురు. వారిని నిలుపుటకై బాలికలు తమ శక్తులనన్నిటిని బ్రయోగించి, ఆయా లోకములలోని సహాయులను గూర్చుకొందురు. స్థూలముగ కథ యిది.

మాయ, యుద్ధము, హాస్యము అను మూడింటిచే నిది నడచును. వీనికొఱకే చదువువారు చదివి సంతోషింపవచ్చును. పరిశోధకునికి గావలసినది వేఱు. ఈ మువ్వురిని ఒక్కచో గూర్చుట కాధార మేమి? వారి మూలకథలయందే యట్టి సంబంధ మేదైన గలదా? అందులకు మూలములను మరల జూడవలసియున్నది.

మూలకథలలో సాక్ష్యము

మొదటిది ఆలీసు కథ. 1862 జూలై 4వ తేదీన ఆక్స్‌ఫర్డు చెంత నదిలో పడవపై బోవుచు, చార్లెస్ లట్విజ్ డాడ్జ్‌సన్ అను గణితాధ్యాపకుడు మువ్వురు చిన్నపిల్లలకు చెప్పిన కథ యిది. లూయిస్ కారల్ అనునది యతని కలము పేరు. ఈ కథ యొక న్యాయసభతో ముగియుట గమనింపదగినది. రాణిగారి తినుబండారములు దొంగిలింపబడినవని విచారణ జరుగును. మొదటి సాక్షి టోపీలవాడు, రెండవ సాక్షి వంటకత్తె, మూడవ సాక్షి ఆలీసు. గ్రంథముయొక్క 12వ యధ్యాయమునకు, అనగా తుది యధ్యాయమునకు, ఆలీసు సాక్ష్యమనియే పేరు. తనకేమియు దెలియదని యా బాలిక నిజము చెప్పును. ఆ మాట యెంతో ముఖ్యమనియు, కాదనియు రాజు తనలో దాను గొణుగుకొనును. మైలుకంటె నెక్కువ యెత్తుగలవారు సభను విడువవలయునని 42వ నిబంధనము చదువును. తీర్పునకు ముందే శిక్ష యని రాణి పట్టుపట్టును. అప్పుడు ఆలీసు ధిక్కరించి పలుకగా, సభయంతయు పేకముక్కలగుంపై చెదరును, ఆమె మేల్కొనును.

మేల్కొన్న ఆలీసు తాను చూచినదంతయు తన యక్కకు జెప్పెను. అక్క యది వింతకల యని యామెను పంపివేసెను గాని పరిహసింపలేదు. చెల్లెలు వెడలిన పిమ్మట నామె యొంటరిగ గూర్చుండి, కన్నులు మూసి, ఆ లోకమునే తానును సగము నమ్మకముతో గనెను. మొదటి కథలో వినిన పెద్ద యొకతె కలదన్నమాట.

రెండవది 1900లో ఫ్రాంక్ బామ్ వ్రాసిన ఓజ్ మాయావి కథ. సుడిగాలిచే గొనిపోబడిన డొరోతీ యను బాలిక పచ్చలనగరము చేరును. ఆ నగరమున బ్రతివాడును పచ్చ కన్నద్దములు ధరింపవలయును. అవి తాళముతో బిగింపబడియుండును. ఊరు పచ్చగ గనుపించుటకు గారణము కన్నద్దములే. అచ్చటి ప్రభువైన మాయావిని నలుగురు వేఱువేఱుగ దర్శింతురు. డొరోతీకి పెద్ద తలగాను, గడ్డిబొమ్మకు సుందరిగాను, తగరపుమనుష్యునికి భయంకరమృగముగాను, సింహమునకు నిప్పుముద్దగాను గనుపించెను. నలుగురును నిజమే చెప్పిరి, నలుగురును మోసపోయిరి. తుదకు డొరోతీ కుక్కపిల్ల తెఱను బడద్రోయగా, దానివెనుక నొక ముసలివాడు నిలిచియుండెను. వాడే మాయావి. ప్రత్యక్షమునకును భ్రాంతికిని గల భేదము నింత సులభముగ బోధించు బాలకథలు తక్కువ.

ఇల్లుచేరిన డొరోతీ మాటను పినతల్లి నమ్మినదా లేదా యని మొదటి గ్రంథము చెప్పదు. 1910లో బామ్ వ్రాసిన పచ్చలనగరపు కథలో నీ సంగతి వచ్చినది. ఎం పిన్నియు, హెన్రీ చిన్నాన్నయు ఆ బాలిక చెప్పు మాటలను స్వప్నములుగనే యెంచుచుండిరి. అప్పులలో వారి పొలము పోవు దశలో డొరోతీ వారిని ఓజ్‌దేశమునకు జేర్పించును. అచ్చట వారు తమ కన్నులతో జూచినమీదట నమ్మిరి. పది సంవత్సరముల యనంతరము వెలువడిన గ్రంథమున గాని యీ బాలికకు నమ్మిక లభింపలేదు.

మూడవది పీటర్ పాన్ కథ. ఇది మొదట నాటకము. 1904 డిసెంబరు 27వ తేదీన లండనులోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ నాటకశాలలో బ్రదర్శింపబడెను. 1911లో బారీ దానిని ‘పీటర్ అండ్ వెండీ’ యను నవలగ వ్రాసెను. నవలయందు పీటర్ తమ గదికి వచ్చుచున్నాడని వెండీ తల్లికి జెప్పును. తల్లి నేలపై రాలిన యాకులను బరీక్షించి, యవి ఇంగ్లండులోని యే చెట్టునకును సంబంధించినవి గావని నిశ్చయించుకొనును. తండ్రియో, పిల్లలకు దాదిగ నున్న కుక్క వారి తలలలో బెట్టిన వెఱ్ఱిమొఱ్ఱి యని తీసివేయును. తరువాత తల్లి పీటరును స్వయముగ జూచును. కిటికీ మూయగా దెగిన వాని నీడను మడిచి యఱలో దాచును. పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట తండ్రి పశ్చాత్తాపముతో కుక్కగూటిలో నివసించును. అవిశ్వాసమున కింత స్పష్టమైన ప్రాయశ్చిత్తము విధించిన బాలకథ నే నెఱుగను.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక సంగతి స్ఫురించును. మూడింటను బాలిక వింతను జూచినది, మూడింటను ఇల్లుచేరినది, మూడింటను నమ్మిక యను ప్రశ్న పుట్టినది. మఱియు మూడింటను ఎవరో యొక పెద్ద యామె పక్షమున నిలిచిరి. ఆలీసునకు అక్క, వెండీకి తల్లి, ఆలస్యముగనైనను డొరోతీకి పిన్నియు చిన్నాన్నయు. ఆ యింటిపెద్దను తొలగించుటయే వియర్ చేసిన ప్రధానమైన మార్పు. అక్కయు, తల్లియు, పిన్నియు లేనిచో నా మాటలకు వైద్యుడే శ్రోత యగును. ఇల్లు చేరవలసిన కథ చికిత్సాలయమున జేరును.

ఈ యూహకు బూర్వము లేకపోలేదు. 1939లో మెట్రో గోల్డ్విన్ మేయర్ వారు నిర్మించిన చలనచిత్రమున ఓజ్ ప్రయాణమంతయు డొరోతీ కన్న కలగ మార్పబడెను. మేల్కొని చెప్పిన యామె మాటకు పెద్దలు చిఱునవ్వు నవ్విరి. 1985లో వాల్టర్ మర్చ్ దర్శకత్వమున వచ్చిన ‘రిటర్న్ టు ఓజ్’ అను చిత్రమున డొరోతీ ఓజ్‌ను గూర్చియే మాటలాడుచు నిద్రపోకుండుటచే పెద్దలామెను విద్యుచ్చికిత్సకై వైద్యునియొద్దకు గొనిపోవుదురు. చిఱునవ్వునుండి చికిత్సకు బెరిగిన యీ యవిశ్వాసమును వియర్ మువ్వురికిని సమానముగ బంచి, దానినే వారి కలయికకు హేతువుగ జేసెను.

నామవయోవిచారము

ఇచ్చట పరిశోధకులు కొన్ని యాక్షేపణములు చేయవచ్చును. చిత్రనవల మొదటి నాయికకు ఆలీసు లిడెల్ అని పేరిడినది. కారల్ కథలో నా యింటిపేరు లేదు. అది కథ వినిన నిజమైన బాలికది. ఆమె 1852లో బుట్టి 1934లో మరణించెను. డొరోతీకి గేల్ అను నింటిపేరు 1900 నాటి గ్రంథమున లేదు. 1902 నాటి నాటకమునుండి వచ్చి, 1907 నాటి ‘ఓజ్మా ఆఫ్ ఓజ్’ అను గ్రంథమున స్థిరపడెను. వెండీ డార్లింగ్ అను పేరు మాత్రము బారీ యిచ్చినదే. వయస్సున గూడ పొత్తు గుదరదు. మొదటి కథలో ఆలీసు ఏడేండ్ల పిల్ల. ఆ కథ 1865 నాటిది. డొరోతీ, వెండీ యామెకు దాదాపు నలువదేండ్లకు బిమ్మట బుట్టిన పాత్రలు. బారీ వెండీని యౌవనమున నిలుపక పెద్దదానిని జేసి, యామె కూతురు జేన్‌ను నెవర్లాండునకు బంపెను. చిత్రనవల యీ కాలవిరోధము నంతయు లెక్కసేయక మువ్వురిని సమవయస్కలను జేసినది.

పాఠకుల చిత్తమున నీ పాత్ర లెట్లు నిలిచినవో యట్లే యీ కృతి వారిని గ్రహించినది. మనకథలయం దిట్టివి లేకపోలేదు. వ్యాసభారతమున నభిమన్యుని పత్ని యుత్తర. శశిరేఖ యందు గానరాదు. అయినను శశిరేఖాభిమన్యుల కథ మన నాటకములందు బ్రతికి, 1957లో ‘మాయాబజార్’ చలనచిత్రముగ నింటింట దెలిసినది. మూలమున లేని దని యెవ్వరును దానిని బరిహరింపలేదు. ఘటోత్కచుడు ఘటోత్కచునివలెను, బలరాముడు బలరామునివలెను బ్రవర్తించుటయే దానికి రక్ష.

స్వప్నము, చిత్రము, సఖి

ఇంతకంటె లోతైన చిక్కు వేఱొకటి కలదు. మూడు లోకముల సత్త యొక్కటి కాదు. ఆలీసు లోకము స్వప్నమని కారలే చెప్పెను. ఓజ్, బామ్ గ్రంథములందు నాలుగు దిక్కుల నాలుగు సీమలు గల నిజమైన దేశము. నెవర్లాండు పిల్లల మనస్సులలో నుండు ద్వీపము. ఒక్కొక్క పిల్లవాని ద్వీప మొక్కొక్క తీరు. ఈ మూడింటిని ఒకే సూత్రమున గ్రుచ్చవలెనన్నచో ఆలీసు స్వప్నమును సత్యము చేయక తప్పదు. వియర్ అట్లే చేసెను. ఇది కారల్ కథకు ద్రోహమా?

భాగవత దశమస్కంధమున ఉషాకన్య యొక పురుషుని గలలో జూచి వ్యాకులపడును. చెలికత్తెయైన చిత్రలేఖ యామెను వెఱ్ఱిదానిగ నెంచలేదు. కుంచె పట్టి దేవతలను, గంధర్వులను, నరులను వరుసగ వ్రాసి చూపగా, యదువంశపు పటములలో అనిరుద్ధుని జూచి ఉష గుఱుతించెను. కల నిజమైనది. ఆ నిజమునకు దోడ్పడినవి రెండు: నమ్మిన సఖి, కంటికి గనుపించు చిత్రము. స్వప్నసాక్ష్యమును సత్యసాక్ష్యముగ జేయుటకు గల మార్గమును మన పురాణ మెన్నడో చూపినది.

చిత్రనవలయందును ఆ రెండే సాధనములు. వచనకథలో వింతను జూచినది బాలిక. పాఠకునికి దక్కునది మాట మాత్రము. చిత్రమునందు బాలికయు, వింతయు నొకే గడిలో నుందురు గావున పాఠకుడు దానిని దన కంటనే చూచును. చూచినమీదట వాడును సాక్షియగును. ఆ బాలికలకు వెఱ్ఱి యని పలుకు పెద్దమనుష్యుని మాట చదువరికి సహింపరానిదగుట యిందుచేతనే.

ఈ మూడు కథలును బుట్టుకనుండియు కంటికి సంబంధించినవని గమనింపవలెను. బొమ్మలును, సంభాషణలును లేని పుస్తక మెందులకని ఆలీసు కథారంభముననే తలచును. ఓజ్ కథయందు డబ్ల్యు. డబ్ల్యు. డెన్స్లో వ్రాసిన చిత్రములు నూఱునకు మించియున్నవి. గ్రంథస్వామ్యమునందు బామ్‌తోపాటు చిత్రకారునికిని భాగము గలదు. పీటర్ పాన్ నాటకముగ రంగస్థలమున గనుపించిన తరువాతనే నవల యయ్యెను. కావున నీ పాత్రలు చిత్రనవలయందు జేరుట పరాయింట జేరుట గాదు.

సాక్షిలక్షణము

మన శాస్త్రములు సాక్షిని గూర్చి యేమి చెప్పినవో యిచ్చట స్మరింపదగును. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున సాక్షులు మువ్వురికి దక్కువ గాకుండవలెనని నియమము కలదు. ఒంటరివాడు సాక్షి గాజాలడు. శిశువును సాక్షి గాజాలడు. తగిన సాక్షులు లభింపనిచో మాత్రము స్త్రీలను, బాలురను, వృద్ధులను గూడ నడుగవచ్చునని పిదప సడలింపు చెప్పబడినది. ఈ దృష్టితో జూచినచో ఆలీసు, డొరోతీ, వెండీ యొక్కొక్కతెయు రెండువిధముల ననర్హ: ఒంటరి, బాలిక. మువ్వురును గూడినచో నొక దోషము పోవును. ఒకతె వండర్లాండును జూచితి నన్నచో భ్రమ యనవచ్చును. వేఱువేఱు యిండ్లనుండి వచ్చిన మువ్వురును అట్టి సాక్ష్యమే చెప్పునప్పుడు భ్రమ యని త్రోయుట యంత సులభము గాదు. చిత్రనవలకర్త మనుస్మృతిని జూచెనని నేననను. సంఖ్యవలన సాక్ష్యమునకు బలము గలుగునను సంగతి యెల్లదేశములవారు నెఱిగినదే.

అయినను సంఖ్యయొక్కటియే చాలదని పచ్చలనగరపు జనులు దృష్టాంతము. ఊరివారందఱును పచ్చదనమునకు సాక్షులే. అందుచే న్యాయశాస్త్రము సంఖ్యను విడిచి యాప్తత్వమును బట్టినది. వస్తువును సాక్షాత్తుగ నెఱిగి, యెఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడని వాత్స్యాయనభాష్యము. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని యా భాష్యకారుడే చెప్పెను. వయస్సును గూర్చి యందు మాటలేదు. చూచుటయు, చూచినట్లు చెప్పగోరుటయు నున్నచో బాలిక గూడ నాప్తురాలే యని యా లక్షణమునుబట్టి యనవచ్చును. న్యాయసభలో తనకు దెలియనిదానిని దెలియదని పలికిన ఆలీసు, తెఱవెనుక ముసలివానిని జూచి నిర్భయముగ నిలిచిన డొరోతీ, చూచినదానిని సందేహింపక తల్లికి జెప్పిన వెండీ, మువ్వురును ఆప్తలక్షణము గలవారే. వారిని గూర్చుటకు సరియైన యాధారము వారి మాయాశక్తి గాక యీ గుణమని నా యభిప్రాయము.

ఔచిత్యము

ఆనందవర్ధనుడు మొదలగువారు రసభంగమునకు ననౌచిత్యమే మూలమని చెప్పిరి. అందును ప్రకృతుల యౌచిత్యమును, అనగా పాత్రలు తమ స్వభావమునకు దగినట్లు ప్రవర్తించుటను, విశేషించి చర్చించిరి. ఈ కొలతతో జూచినచో చిత్రనవలకు గొంత మెప్పును గొంత తప్పును చెల్లును. ఆలీసు కటువుగను, అధికారమును సహింపనిదిగను చిత్రింపబడుట న్యాయసభను ధిక్కరించిన బాలికకు దగినదే. డొరోతీ సౌమ్యతయు, వెండీ సాహసమును మూలమునకు విరుద్ధములు గావు.

తప్పు లోకములను జూపుటయం దున్నది. వండర్లాండు బలమంతయు మాటలో నున్నది. శ్లేష, తర్కాభాసము, పేరడి పద్యములు దాని ప్రాణము. పరుగుచే నడచు కథలో నా ప్రాణమునకు జోటు చాలక, లోకము వట్టి రంగమగును. మాటలు గూడ నేటి యమెరికా యువజనుల మాటలు. పూర్వకాలపు టింగ్లండు గాలి వానికి సోకలేదు. కథ మధ్యమునుండి సాక్ష్యమను ప్రశ్న వెనుకబడి యుద్ధము ముందునకు వచ్చును. తమ్ము నమ్మనివారియెదుట నా మువ్వురు గలిసి నిలుచు ఘట్టమునకు గ్రంథకర్త మఱికొన్ని పుటలు కేటాయించియున్నచో నీ కృతి యింకను నిలుకడ గలదై యుండెడిది.

ఇట్టి సమావేశములకు శాసనముల హద్దును గలదు. ఆలీసు, ఓజ్ గ్రంథముల స్వామ్యకాల మెన్నడో ముగిసినందున నా పాత్ర లందఱి సొత్తు. అయినను బామ్ గ్రంథమున డొరోతీ తొడిగినవి వెండి పాదరక్షలు. కెంపుల పాదరక్షలు 1939 నాటి చలనచిత్రపు కల్పన గావున వానిని మూలమని భ్రమింపరాదు. బారీ 1929లో పీటర్ పాన్ హక్కులను లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ శిశువైద్యశాలకు దానము చేసెను. స్వామ్యకాలము ముగిసినను ఆ నాటకమువలని యాదాయము వైద్యశాలకు జెందునట్లు బ్రిటనులో 1988 నాటి శాసన మేర్పాటు చేసెను. ఇక పాఠశాలలోని పూల్ అను దాదిని జూచినప్పుడు, పి. ఎల్. ట్రావర్స్ 1934లో సృష్టించిన మేరీ పాపిన్స్ జ్ఞప్తికి వచ్చును. ట్రావర్స్ 1996లో మరణించెను. ఆ గ్రంథముల స్వామ్య మింకను చెల్లుచున్నది. పేరు మాఱుటకు నదియే కారణమై యుండునని యూహింపవచ్చును.

ఉపసంహారము

ఇంతవఱకు జేసిన విచారణవలన దేలినది యిది. మూడు పూర్వకథలును, వానిని గూర్చిన క్రొత్త చిత్రనవలయు బాలవాక్యముయొక్క ప్రామాణ్యమను నొకే ప్రశ్నచుట్టు దిరుగుచున్నవి. పూర్వకథలు వినెడి పెద్ద నొకనిని మిగిల్చినవి. క్రొత్తకథ వినెడివారిని బాలికలలోనే వెదకుకొన్నది. చెషైర్ క్రాసింగ్ పాఠశాలవారు వారి మాటను నమ్మిరి. కాని నమ్మి, వెంటనే పాఠము చెప్పబూనిరి. బాలికలకు గావలసినది మొదట శ్రోత, పిదప గురువు. ఆ క్రమము దప్పుటచే వారు తరగతినుండి పాఱిపోయిరి.

ఇది మన బడులకు దూరమైన సంగతి గాదు. పిల్లవాడు వచ్చి తాను చూచినదాని నేదో చెప్పును. మనము వాని విభక్తిని దిద్దుదుము. లేదా కథలు చెప్పకుమని కూర్చుండబెట్టుదుము. వాడు చెప్పినది స్వప్నము గావచ్చును, ఊహ గావచ్చును. ఇంటనో వీధినో జరిగిన యన్యాయమైనను గావచ్చును. ఏది యైనదియు తుదివఱకు వినక నిశ్చయించుట తీర్పునకు ముందు శిక్ష విధింపగోరిన యా రాణిగారి న్యాయమే యగును. పరీక్ష వలదని నా మతము గాదు. వెండీ తల్లి యాకులను బరీక్షించినది. చిత్రలేఖ పటములను వ్రాసి చూపినది. వా రిరువురును ముందు వినిరి, పిమ్మట బరీక్షించిరి. పండితులు పిల్లలయెడ నీ క్రమమును బాటించినచో, బొమ్మలపుస్తకమును జదివిన కాలము వ్యర్థము గాలేదని నేను సంతోషింతును.